బోర్డు మీది అరవై

సెప్టెంబరు 3

అన్నయ్యకు నమస్కారాలు.

ముందు కూర్చో. ఇది నిలబడి చదివే ఉత్తరం కాదు.

నాకు బస్సు ఇచ్చారు! ఇన్నాళ్ళూ తోలిన లాండ్రీ వ్యాను కాదు, నిజం బస్సు. నలభై రెండు సీట్లు. ఆసుపత్రి నర్సులనీ, ఆయాలనీ, వంటవాళ్ళనీ పొద్దున్నే కింద క్వార్టర్స్ దగ్గర ఎక్కించుకుని కొండమీద దింపే బస్సు. పాత డ్రైవరు రిటైరయ్యాడు. కొత్తవాడు దొరికేదాకా నడపమన్నారు. నేను రెండు వారాలు నడిపాక కొత్తవాణ్ణి వెతకడమే మానేశారు.

పద్నాలుగు కిలోమీటర్లు, ముప్పై ఒక్క మలుపులు. ఆరూ ఇరవైకి బయల్దేరి ఆరూ యాభైకల్లా పైనుండాలి. ఏడింటికి రాత్రి డ్యూటీవాళ్ళు దిగి మనవాళ్ళు ఎక్కాలి కదా. మా టైమ్‌కీపరు గేటు దగ్గర నిలబడి చేతి గడియారం చూస్తూ ఉంటాడు. నర్సులు ఆయన్ని "గడియారం" అనే పిలుస్తారు. వాళ్ళావిడ కూడా అలాగే పిలుస్తుందని అంటారుగానీ నమ్మలేం.

నా పక్కన, ఎడమవైపు ముందు సీటులో ఎవరినీ కూర్చోనివ్వను. అక్కడ నా ఫ్లాస్కూ, స్వెట్టరూ కూర్చుంటాయి.

అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి తప్ప బాగానే ఉంది. కొడుకు పోయాక కోడలితో ఒకే గదిలో ఆరేళ్ళు ఉండటం ఆవిడకీ కష్టమే, నాకూ కష్టమే. కానీ ఒకళ్ళు లేకపోతే ఇంకొకళ్ళకి ఎవరున్నారు? బస్సు సంగతి చెబితే, "జాగ్రత్త" అని మాత్రం అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఫోను చేసేదాన్నే. నీకు వినపడదు. పక్కవాళ్ళు విని నీ చెవిలో అరిచి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఈ సంగతి నా చేత్తోనే నీకు అందాలి.

నువ్వు ఇరవై ఎనిమిదేళ్ళు చేసిన పని ఇది. నన్ను ఆశీర్వదించు.

నీ చెల్లి

సెప్టెంబరు 12

చెల్లికి,

ఉత్తరం అందింది. కింద రాసినవి గుర్తు పెట్టుకో.

రోడ్డు పక్క బోర్డు మీద ఉండే అంకె ఎండిన రోడ్డుకి, మంచి వెలుతురుకి, మంచి టైర్లకి. అంత వేగంతో పోవాలని కాదు దాని అర్థం, అంతకు మించి పోకూడదని. రోజూ రోడ్డు అదే అయినా రోజూ అదే రోడ్డు కాదు.

తడి రోడ్డు మీద ముందు బండికీ నీకూ మధ్య దూరం రెట్టింపు ఉంచు. చాలా రోజుల తర్వాత పడే మొదటి చినుకులు ఎక్కువ ప్రమాదం. దుమ్మూ, నూనే కలిసి సబ్బులా అవుతాయి. మలుపులోకి వెళ్ళకముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. నిండు బస్సు ఖాళీ బస్సులా ఆగదు.

మంచు పడితే ఇది ఒక్కటి చాలు: నీకు ఎంత దూరం కనిపిస్తుందో చూసుకో, అందులో సగంలో బస్సు ఆగాలి. ఆగదనిపిస్తే తగ్గించు. ఇంకా ఆగదనిపిస్తే ఇంకా తగ్గించు. వెనకాలవాడు హారన్ కొడితే కొట్టుకోనీ.

టైర్ల గాడులు ఎంత లోతు ఉన్నాయో నువ్వే చూసుకో. ఇక్కడ డిపోలో, టైర్ల సెక్షన్లో రోజంతా నేను చేసేది అదే. గాడిలో కొలిచే పుల్ల దింపడం, అరిగినదాని మీద సుద్దతో గీత కొట్టడం. మాట్లాడాల్సిన పని లేదు. మెస్సులో వంటాయన నన్ను చూసి ఒక వేలు ఎత్తితే టీ, రెండు వేళ్ళు ఎత్తితే భోజనం. ఈమధ్య నేను గదిలో ఒక్కణ్ణే గట్టిగా మాట్లాడి చూసుకుంటున్నాను, నా గొంతు నాకు ఇంకా వినపడుతోందా అని. కుడి చెవిలో కాస్త ఉంది.

అయినా నీకు ఈ పని ఎందుకు? లాండ్రీలో ఏం తక్కువైంది?

అన్నయ్య

సెప్టెంబరు 24

అన్నయ్యా,

ఉత్తరం వస్తుందని ఎదురుచూశాను. సర్క్యులర్ వచ్చింది. కింద ముద్ర ఒక్కటే తక్కువ.

"బాగుంది చెల్లీ" అని ఒక ముక్క రాస్తే నీ సిరా అయిపోయేదా? లాండ్రీలో ఏం తక్కువైందని అడిగావు. తక్కువేం లేదు, ఎక్కువే ఉంది. ఆవిరి ఎక్కువ, దుప్పట్లు ఎక్కువ, ఆరేళ్ళుగా ఆయన గురించి ఆలోచించుకునే సమయం మరీ ఎక్కువ. స్టీరింగు పట్టుకుంటే ఆ అరగంటా రోడ్డు తప్ప ఇంకేమీ గుర్తుకు రాదు. అందుకే.

ఆడదాన్ని, కొండరోడ్డు మీద బస్సేం తోలుతాననే కదా నీ అనుమానం? ఇక్కడ మొదట్లో అందరికీ అదే. మా హెడ్ నర్సు అయితే మొదటి రోజు ఎక్కగానే చివరి సీట్లోకి వెళ్ళి కూర్చుంది. ఎందుకమ్మా అంత వెనక్కి అంటే, "ఎక్కడ ఢీకొట్టినా ముందు భాగమే కదమ్మా తగిలేది" అంది. ఇప్పుడు మూడో వరసకి వచ్చింది. పురోగతే కదా.

నువ్వు అంతగా బెంగ పెట్టుకోకు. మా రోడ్డుకి నలభై బోర్డు ఉంది. ముల్లు నలభై దాటనివ్వను. నువ్వు మాత్రం ఏనాడైనా దాటావా? ఆ రోజు కూడా దాటలేదు కదా. నేనూ అంతే. నీలాగే నడుపుతాను.

చెవి డాక్టరుకి చూపించుకో. గోడలతో మాట్లాడుకోవడం దేనికి, సెలవు పెట్టి ఇక్కడికి రాకూడదూ?

కోపంగా ఉన్నా నీ చెల్లినే

అక్టోబరు 15

చెల్లికి,

ఆలస్యంగా రాస్తున్నాను. రాయకూడదనే అనుకున్నాను.

"నీలాగే నడుపుతాను" అన్న మాట ఎందుకు రాశావో అర్థమైంది. ఎడమవైపు ముందు సీటు ఖాళీగా ఉంచుతున్నానని నాకు ఎందుకు రాశావో కూడా అర్థమైంది. బావగారు కూర్చున్నది ఆ సీటులోనే. నాకు గుర్తు చెయ్యక్కర్లేదు. మరిచిపోయిన రోజు లేదు.

నీ మనసులో పగ ఉంటే సూటిగా తిట్టు. ఇలా ఫ్లాస్కులూ స్వెట్టర్లూ అడ్డం పెట్టి పొడవద్దు. నేను అక్కడికి రాను. అత్తయ్యగారి ముందు నిలబడలేను.

అన్నయ్య

అక్టోబరు 22

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తర్వాత నా పాత ఉత్తరంలో ఏం రాశానో ఒక్కో మాటే గుర్తు చేసుకున్నాను. అన్నయ్యా, ఆ సీటుకి స్ప్రింగు విరిగింది! కూర్చున్నవాళ్ళకి గుచ్చుకుంటుంది. అందుకని ఫ్లాస్కు పెట్టాను. నీ మీద ఒట్టు, అంతకు మించి ఏమీ లేదు.

పగ అన్నావు. ఎవరి మీద? ఆ రోజు వానలో, మలుపు అవతల, దీపాలు లేకుండా లారీని నడిరోడ్డు మీద వదిలేసినవాడి మీద ఉంది. నీ మీద ఎందుకుంటుంది? "బస్సు వేగం పరిమితిలోనే ఉంది, డ్రైవరు తప్పు లేదు" అని విచారణలో తేల్చారు కదా. అత్తయ్య మొదటి ఏడాది నీ పేరెత్తితే మండిపడేది. నేనే ఎన్నోసార్లు ఆ కాగితం చదివి వినిపించాను. "బోర్డు మీద అరవై, అన్నయ్య యాభై అయిదులో ఉన్నాడు అత్తయ్యా" అని చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది. చివరికి ఆవిడ ఒప్పుకుంది. ఆరేళ్ళుగా ఈ గదిలో నీ తరఫు ప్లీడర్ని నేను. నన్ను పట్టుకుని పగ అంటావా?

ఇక్కడ పొద్దుటిపూట మంచు మొదలైంది. కిటికీ తీస్తే గదిలోకే వచ్చేస్తోంది.

జవాబు రాయి. తిట్టినా సరే.

నీ చెల్లి

నవంబరు 8

అన్నయ్యా,

జవాబు లేదు. అయినా రాస్తున్నాను. ఇంకెవరికి చెప్పను?

పోయిన మంగళవారం మంచు దట్టంగా ఉంది. అయినా నలభై బోర్డు కదా, నేను ముప్పై అయిదులోనే ఉన్నాను కదా అని ధీమాగా ఉన్నాను. పంతొమ్మిదో మలుపు దాటగానే రోడ్డు మీద ఇద్దరు మనుషులు. కొండమీంచి పడిన రాయిని పక్కకి దొర్లిస్తున్న రోడ్డు కూలీలు. వాళ్ళ వీపులు నాకు కనబడేసరికి వాళ్ళు బస్సు కిందే ఉన్నట్టు అనిపించింది. ఉన్న బలమంతా కాలి మీద పెట్టి తొక్కాను. వెనక ఎవరో కెవ్వుమన్నారు. ఎక్కుడు రోడ్డు కాబట్టి ఆగింది. దిగుడు అయితే ఆగేది కాదు.

ఒకతను లేచి బస్సు ముందుభాగం మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు, తనే దాన్ని ఆపినట్టు. తిట్టలేదు. నావైపు చూస్తూ ఉండిపోయాడంతే.

నేను పరిమితి దాటలేదు అన్నయ్యా. అదే నాకు మింగుడు పడటం లేదు. తప్పు చెయ్యలేదు, అయినా చంపబోయాను.

ఆ రోజు సాయంత్రం నీ సర్క్యులర్ వెతికి తీశాను. కనిపించినదాంట్లో సగం. మర్నాటి నుంచీ అలాగే నడిపాను. ఒక్కోచోట పదిహేను, ఒక్కోచోట పది. పైకి చేరేసరికి ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యం. రాత్రంతా నిలబడ్డ నర్సులు వరండాలో బ్యాగులు భుజాన వేసుకుని నన్ను మింగేసేలా చూశారు. అలా మూడు రోజులయ్యాక గడియారం మెమో ఇచ్చాడు. "వేగ పరిమితి నలభై ఉండగా, పదిహేనులో నడిపి డ్యూటీ మార్పిడికి అంతరాయం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను." పది రోజుల గడువు. సరైన జవాబు లేకపోతే మళ్ళీ లాండ్రీకే.

"నాకు కనబడలేదండీ" అంటే, "కళ్ళు పరీక్ష చేయించుకో" అంటున్నాడు. లెక్క చూపించి ఎలా రాయాలో నాకు చేతకాదు. నువ్వు రాసి పంపు. ఈసారి సర్క్యులరే కావాలి.

నీ చెల్లి

నవంబరు 14

చెల్లికి,

దీంతో రెండు కాగితాలు ఉన్నాయి. మొదటిది మీ ఆఫీసుకి ఇవ్వాల్సిన సంజాయిషీ. నీ మాటల్లోనే రాశాను, సంతకం పెట్టి ఇచ్చెయ్యి. మంచులో పాతిక మీటర్లు కనిపిస్తే ఎంత వేగంలో బస్సు ఆగుతుంది, ఎంతలో ఆగదు, అన్నీ వేశాను. ఎవరైనా మైదానంలో టేపు పట్టుకుని కొలుచుకోవచ్చు.

రెండో కాగితం ఇదే. ఇది నీకు. మీ ఆఫీసువాళ్ళు మొదటిదాన్ని నమ్మకపోతే ఇది కూడా చూపించు. నాకు అభ్యంతరం లేదు.

నువ్వు నా తరఫు ప్లీడరువని రాశావు. ఆ మాట చదివినప్పటి నుంచీ అన్నం దిగడం లేదు. నీ క్లయింటు నీకు అబద్ధం చెప్పాడమ్మా.

ఆ రోజు సాయంత్రం నాలుగు. వాన మొదలై పావుగంట అయింది. అద్దం మీద వైపరు అటూ ఇటూ పరుగెడుతోందిగానీ ముందు ముప్పై మీటర్లు దాటి ఏమీ కనిపించడం లేదు. బోర్డు మీద అరవై. నేను యాభై అయిదు. విచారణలో ఈ రెండు అంకెలే అడిగారు, ఈ రెండే చెప్పాను. మూడో అంకె ఎవరూ అడగలేదు. తడి రోడ్డు మీద యాభై అయిదులో ఉన్న నిండు బస్సు ఆగడానికి యాభై మీటర్లకి పైనే కావాలి. కనిపిస్తున్నది ముప్పై. అంటే లారీ నాకు కనిపించే ముందే మేము దాన్ని గుద్దేశాం. ముప్పై అయిదులో ఉంటే చివరి గజంలోనైనా ఆగేది. ఈ లెక్క నాకు ఆ వేళా తెలుసు. కొత్త డ్రైవర్లకి నేర్పేవాణ్ణి.

అది కూడా కాదు. అసలు సంగతి ఇంకొకటి ఉంది. బావగారు నా పక్కన కూర్చుని అన్నారు, "బావా, కాస్త నిదానంగా పోనీ" అని.

నేను, "బోర్డు మీద అరవై రాసుంది. రోడ్డు సంగతి నేను చూసుకుంటాను, మీరు మీ సీటు సంగతి చూసుకోండి" అన్నాను. వేళాకోళంగానే అన్నాను. ఆయన ఇంకేం అనలేదు. తర్వాత రెండు మలుపులకి లారీ.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఆ కాగితం చాటున బతికాను. చెవుల వల్ల స్టీరింగు వదిలేశానని అందరూ అనుకుంటారు. చెవులు పోయింది ఆ తర్వాత. నువ్వు డ్రైవరువి అయ్యావని రాసినప్పుడు దీవించడానికి నాకు అర్హత ఉందనిపించలేదు. అందుకే అంకెలు రాశాను.

ఇక నువ్వు జవాబు రాయకపోయినా నాకు అర్థమవుతుంది.

అన్నయ్య

జనవరి 2

అన్నయ్యా,

ఏడు వారాలు పట్టింది నాకు ఈ కాగితం తియ్యడానికి.

మొదటి కాగితం ఇచ్చాను. గడియారం నమ్మలేదు. హెడ్ నర్సు ఊరుకోలేదు. ఒక పొద్దున ఆయన్ని తీసుకొచ్చి మంచులో నా బస్సు ముందు నిలబెట్టి, "ఒక్కో అడుగే నడవండి. ఆవిడకి కనబడకుండా పోయినచోట ఆగండి" అంది. ఇరవై రెండు అడుగులకే మాయమయ్యాడు. లోపల్నించి అందరం "ఆగండాగండి" అని కేక పెట్టాం. తిరిగొచ్చి నేరుగా ఆఫీసులోకి వెళ్ళిపోయాడు. మంచు రోజుల్లో బస్సు అరగంట ముందు బయల్దేరాలని మర్నాడు నోటీసు అంటించాడు. ఇప్పుడు అందరూ అరగంట ముందు లేవాల్సి వస్తోందని నన్ను తిట్టుకుంటున్నారు, హెడ్ నర్సుతో సహా.

రెండో కాగితం ఎవరికీ చూపించలేదు. నిన్ను క్షమించానని రాయమంటే రాయలేను. రాస్తే అది కూడా అబద్ధం అవుతుంది. కొన్నాళ్ళు నీ అక్షరాలు చూస్తేనే ఒళ్ళు మండింది. ఆయన నిన్ను అడిగాడు. ఒక్క మాట అడిగాడు. నువ్వు వినపడే చెవులతోనే ఉన్నావు అప్పుడు.

కానీ మొన్న అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడకి ఇన్నేళ్ళు తప్పు వాదన వినిపించింది నేనే కదా, నిజం కూడా నేనే వినిపించాలి. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. లేచి కూర్చుని మోకాళ్ళ మీద దుప్పటి సర్దుకుంది. తర్వాత, "వాడు ఆఖర్న ఏమన్నాడో ఇన్నాళ్ళూ నాకు తెలియదే" అంది. ఇంకాసేపటికి, "ఎలా అన్నాడట? కోప్పడ్డాడా, నవ్వుతూ అన్నాడా? అడుగు" అంది.

రోజూ అడుగుతోంది. ఇది నేను ఉత్తరంలో చదివి చెప్పేది కాదు. నువ్వు వచ్చి చెప్పాలి.

చెల్లి

జనవరి 21

చెల్లికి,

గదికి క్షేమంగా చేరాను. రైల్లో సీటు దొరికింది. మీ ఇంట్లో నా నోరు పెగల్లేదు, పెగిలినదాంట్లో సగం తడబడ్డాను. అందుకని రాస్తున్నాను.

అత్తయ్యగారు నన్ను మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుంటారని అనుకోలేదు. బావగారు నవ్వుతూనే అన్నారనీ, అంటూ ముందున్న కడ్డీని చేత్తో పట్టుకున్నారనీ చెప్పాను. ఆవిడ మళ్ళీ చెప్పమన్నారు. మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆవిడ ఏదో అన్నారు, నువ్వు అది కాగితం మీద రాసి నా ముందుకి జరిపావు. "వాడికి చిన్నప్పటి నుంచీ అంతే, భయం వేస్తే నవ్వేవాడు."

ఆరేళ్ళుగా నేను ఆ నవ్వు పట్టుకుని బతికాను చెల్లీ. నవ్వుతూ అన్నారు కదా, అంత భయపడలేదు కదా అని. ఇప్పుడు అదీ పోయింది. పోవాల్సిందే.

తర్వాత ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు. మళ్ళీ నావైపు చూడలేదు. నేను బయల్దేరేటప్పుడు కూడా. అది ఆవిడ హక్కు.

పొద్దున నీ బస్సెక్కాను. ఆ ప్రమాదం తర్వాత నేను బస్సులో కూర్చోవడం అదే మొదటిసారి. నీ వెనక వరసలో కూర్చుని నీ భుజం మీదుగా ముల్లు చూస్తూ ఉన్నాను. పన్నెండు. పద్దెనిమిది. మంచు కాస్త విడినచోట ఇరవై రెండు. మళ్ళీ పది. బోర్డు దగ్గర నువ్వు తల కూడా తిప్పలేదు. మలుపు రాకముందే నీ కాలు పని మొదలుపెట్టేది. నీ అరచెయ్యి హారన్ మీద పడటం చూశాను, మోత మాత్రం నాకు అందలేదు. నర్సులు ఊలు అల్లుకుంటున్నారు, ఒకామె జడ వేసుకుంటోంది. ఎవరూ రోడ్డు చూడటం లేదు. డ్రైవరుకి అంతకంటే గౌరవం ఉండదు. బాగుంది చెల్లీ. సెప్టెంబరులోనే రాయాల్సిన మాట.

బస్సు తిరిగి కిందికి వచ్చేటప్పుడు, స్టేషను మూల దగ్గర దింపావు. నేను రోడ్డు దాటి వెనక్కి తిరిగేసరికి నువ్వు కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అంటున్నావు. చిన్న మాట కాదు, పెద్దదే. రెండోసారి కూడా అన్నావు. వెనకాల లారీ ఆగి ఉంది, దాని డ్రైవరు చెయ్యి ఊపుతున్నాడు. మూడోసారి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. సరేనని తలూపాను. నువ్వు వెళ్ళిపోయావు.

దేనికి సరేనన్నానో నాకు తెలియదు. మళ్ళీ రమ్మన్నావో, ఇక రావద్దన్నావో. రెండింట్లో ఏదైనా నీ చేత్తో రాసి పంపు. ఎదురుచూస్తూ ఉంటాను.

అన్నయ్య